కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు: స్వచ్ఛంద సలహాదారులు
సైన్సును జనానికి మలయాళంలో చెప్పేందుకు 1962లో కోళికోడ్‌లో పుట్టిన సంస్థ ఇది. దీనికి దారి చూపినవారు జీతం ఆశించని అధ్యాపకులు, ఇంజనీర్లు, రచయితలు. వాళ్ల సలహా విలువ కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవి విషయంలో తేటతెల్లమైంది. అక్కడి కుంతిపుళ నదిపై జలవిద్యుత్ ఆనకట్ట కడతామన్నప్పుడు వృక్షశాస్త్రం బోధించే ఎం.కె. ప్రసాద్ అడవి తరఫున కలం పట్టారు. కొమ్మల మీదే బతుకు వెళ్లదీసే సింహపు తోక కోతికి ఆ చెట్లే ఇల్లు. అయితే పరిషత్తు కన్నీళ్లతో సరిపెట్టలేదు. ప్రసాద్‌తో పాటు ఇంజనీర్లు, వ్యవసాయ శాస్త్రవేత్త, ఆర్థికవేత్త కలిసి కూర్చుని, కరెంటు లెక్కనూ అడవి లెక్కనూ పక్కపక్కన పెట్టి 1979లో నివేదిక రాశారు. ఇన్ని చదువులు ఒకే బల్ల చుట్టూ చేరడమే దాని బలం. చివరకు ఆనకట్ట ఆలోచన విరమించి, 1984లో ఆ అడవిని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. పరిషత్తుకు 1996లో రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం దక్కింది.