చిన్న బండి వెనుక సీటు



మన నల్లగొండ, మహబూబునగరు జిల్లాల చరిత్ర వ్రాయువారు కోటలను గురించి, చెరువులను గురించి, పెద్ద రోడ్లను గురించి తప్పక వ్రాయుదురు. చిన్న మోటారు బండి వెనుక సీటును మాత్రము ఎవరును అంతగా తలపరు. అయితే మన మెట్ట పల్లెలను ఆసుపత్రికి, బడికి, సంతకు దగ్గర చేసినవాటిలో ఆ సీటునకు తగిన స్థానము కలదు.

1932లో నిజాం ప్రభుత్వ రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను ఆరంభించిరి. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడెను. ఎర్రబస్సు వచ్చిన మాట నిజమే గాని, అనేక గ్రామములకు అది స్టేజి వద్దనే ఆగిపోయెడిది. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు పల్లెలలో అటుపై మిగిలిన త్రోవ కాలినడకయో, ఎడ్లబండియో, సైకిలు క్యారియరో. జ్వరముతో ఉన్న బిడ్డను భుజాన వేసికొని స్టేజి వరకు నడచిన తల్లులు నేటికిని మన మధ్య ఉన్నారు.

1972లో పూనాలోని కైనెటిక్ కంపెనీవారు 50 సి.సి. లూనాను విడుదల చేసిరి. అవసరమైతే సైకిలు వలె పెడలు తొక్కుకొని పోగల తేలిక బండి అది. 1980లో హోసూరు నుండి టి.వి.యస్. 50 వచ్చెను. మన దేశములో ఇద్దరి కొరకు తయారైన మొదటి మోపెడ్ ఇదియే. ఇంజను అదే 50 సి.సి.; భేదమంతయు సీటులో ఉన్నది. తానొక్కడే పోగల బండి వేరు, మరొకరిని తీసికొనిపోగల బండి వేరు. బండి నేర్వని తల్లి, ముసలి తండ్రి, పరీక్షకు పోవలసిన ఆడపిల్ల, వైద్యము కావలసిన కోడలు ఆ రెండవ సీటుపైననే ఊరు దాటిరి. 1985లో హీరో హోండా సి.డి. 100 వచ్చిన పిమ్మట ఈ ప్రయాణము మరింత సులువాయెను.

అయితే చిన్న బండికి రెండవ మనిషి పెద్ద బరువు. ఆ బరువు వెనుక చక్రముపై పడగా ముందు చక్రము తేలికయగును, హ్యాండిలు తూగును. ఎత్తు వచ్చినచోట వెనుకనున్నవారు దిగి నడచుట, నడుపువారు పెడలు తొక్కుట లూనా దినములలో మామూలు దృశ్యము.

అంతకంటె పెద్ద అపాయము బట్టల వలన కలుగును. ఒకప్రక్కకు తిరిగి కూర్చున్న స్త్రీ చీరకొంగు చక్రపు స్పోకులలో చిక్కినచో క్షణములో ఆమె నేలపై ఉండును. అందుచేతనే 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 123వది, వెనుక కూర్చొనువారికి చేతిపిడి, పాదములకు ఆధారము, వెనుక చక్రమును కనీసము సగము కప్పు రక్షణ ఉండవలెనని విధించినది. మనము శారీ గార్డు అనునది ఇదే. అందము చెడునని దానిని విప్పించువారు ఒక్కసారి ఆలోచింపవలెను.

1988 చట్టము 128వ సెక్షను ప్రకారము నడుపువాని వెనుక ఒక్కరే కూర్చొనవలెను. 129వ సెక్షను హెల్మెట్టును ఇద్దరికిని విధించినది. నాలుగేండ్లలోపు బిడ్డకు నడుపువానితో కలిపి కట్టు పట్టీ ఉండవలెననియు, అప్పుడు వేగము 40 కిలోమీటర్లు మించరాదనియు 2022లో నియమము వచ్చెను.

నాటి రెండు జిల్లాలు 2016 తరువాత అనేక జిల్లాలైనవి. పల్లెపల్లెకు బండ్లు వచ్చినవి. అయినను ముందు కూర్చున్నవాని తలపై హెల్మెట్టు, వెనుకనున్న తల్లి తలపై చీరకొంగు మాత్రమే కనబడుచున్నవి. ఈ వ్యాసకర్తయు అట్లే తన తల్లిని అనేక పర్యాయములు సంతకు తీసికొనిపోయెను. ఆమె ఏనాడును భయమని అనలేదు. కుమారుని భుజము మాత్రము గట్టిగా పట్టుకొనెడిది. ఆ పట్టులోని అర్థము ఆలస్యముగా తెలిసినది. వెనుక కూర్చున్నవారు బ్రేకు వేయలేరు, దారి మార్చలేరు. వారి ప్రాణము మన చేతిలో పెట్టి కూర్చుందురు. రెండవ హెల్మెట్టు కొనునప్పుడు ఈ సంగతి గుర్తుంచుకొందుము గాక.