పిల్లి శాపాలూ, మన ఉట్లూ

పిల్లి ఎదురొస్తే గుమ్మంలోనే ఆగిపోయి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మరీ బయల్దేరతాం. ఆ పిల్లే మన అటక మీద నాలుగు కూనల్ని పెట్టిందనుకోండి, పనులన్నీ మానేసి చూస్తూ కూర్చుంటాం! పిల్లితో మన స్నేహం అలాంటిది మరి.

కల్లూరులో మా పక్కింటావిడ కొంగులో చుట్టి ఒక పిల్లికూనను తెచ్చి ఇచ్చినప్పుడు మా అత్తయ్య అడిగిన మొదటి మాట, "ఉట్టి ఏదమ్మాయ్?" అని. "ఫ్రిజ్ ఉందిగా అత్తయ్యా!" అన్నాను. ఆవిడ నవ్వి ఊరుకున్నారు.

ఆ నవ్వులో చాలా చరిత్ర ఉంది. ఆవును మనిషి తెచ్చి కట్టేసుకున్నాడు. కుక్కను మచ్చిక చేసుకున్నాడు. పిల్లిని మాత్రం ఎవరూ పిలవలేదు. సుమారు 10 వేల ఏళ్ల కిందట పశ్చిమాసియాలో మనిషి పంట పండించి గింజలు దాచుకోవడం మొదలుపెట్టాడు. గింజల కోసం ఎలుకలొచ్చాయి, ఎలుకల కోసం పిల్లి వచ్చింది. సైప్రస్ దీవిలో 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పూడ్చిన పిల్లి ఎముకలు దొరికాయని 2004లో ప్రకటించారు. ఆ దీవిలో సహజంగా పిల్లులు లేవు. అంటే ఎవరో పడవలో వెంట తీసుకెళ్లారన్నమాట! ఈజిప్టులో ఇంటి పిల్లి చనిపోతే ఇంటివాళ్లందరూ కనుబొమలు గీయించుకునేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

మన ఊళ్లలోనూ అదే కథ. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో వరి పండే నేల మాది. ధాన్యం ఉన్న ఇంట్లో ఎలుకా ఉంటుంది, దాని వెనకే పిల్లీ ఉంటుంది. మన పెద్దలు పిల్లిని తరిమెయ్యలేదు, నమ్మనూ లేదు. పాలూ పెరుగూ ఉట్టి మీద పెట్టి, దాని దారిన దాన్ని తిరగనిచ్చారు.

ఇక నా తప్పు చెబుతాను. ఆ కూనకు మూడు వారాలైనా నిండినట్టు లేదు. ముద్దొస్తోంది కదా అని ఆవుపాలు పట్టాను. తెల్లారేసరికి విరేచనాలు పట్టుకుని తల ఎత్తలేకపోయింది. ఆవుపాలు పిల్లులకు సరిగా అరగవని అప్పుడు తెలిసింది. తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలు చూసి పారిపోయిందన్న కథకు చిన్నప్పుడు నవ్వుకున్నాం గానీ, ఆ పిల్లే తెలివైందేమో!

అత్తయ్య మాట్లాడకుండా కూనను తీసుకెళ్లి పక్కింటి గడ్డివాము దగ్గర పెట్టారు. తల్లి వచ్చి వాసన చూసి, మెడ కరిచి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. వైష్ణవులు చెప్పే మార్జాల కిశోర న్యాయం అదే. కూన చెయ్యాల్సిందేమీ లేదు, భారమంతా తల్లిదే. ఎనిమిది వారాలు నిండేదాకా ఆ భారం మనం లాక్కోకూడదు.

ఆ తర్వాత మా ఇంటికొచ్చినప్పుడు రెండు రోజులు బియ్యం డబ్బాల వెనకే దాక్కుంది. అలా దాక్కుంటే లాగకండి, దానంతటదే వస్తుంది. ఒక మూల ఇసుక తట్టా, మరో మూల నీళ్లగిన్నే పెట్టండి. పశువుల డాక్టరుకు చూపించి రేబిస్ టీకా వేయించండి. గీరితే ఆ చోటును సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, ఆస్పత్రికి వెళ్లండి. పదిహేనేళ్లు బతకగల ప్రాణి అది, పిల్లల సెలవుల సరదా కాదు.

అడవి అంచు ఊళ్లవాళ్లకు ఇంకో మాట. చేలగట్ల మీద కనిపించే కూనలు అడవి పిల్లివి కావచ్చు. తల్లి వేటకు వెళ్లి ఉంటుంది, వాటిని ముట్టుకోకండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని పెంచడం నేరం కూడాను.

ఇప్పుడు మా వంటింట్లో ఉట్టి వేలాడుతోంది. పిల్లి దాని కింద కూర్చుని తిడుతూ ఉంటుంది. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా? తెగవు. అందుకే అత్తయ్య కింద దాని గిన్నెలో దాని ముద్ద కూడా పెడతారు.