గోదావరీ తీరంలో కామ–ప్రేమ విచారణ

1510 మాఘమాసంలో సన్న్యాసం స్వీకరించిన శ్రీకృష్ణచైతన్య మహాప్రభువులు ఫాల్గుణంలో నీలాచలం చేరి, వైశాఖంలో దక్షిణయాత్రకు బయలుదేరారు. శ్రీకూర్మ, సింహాచల క్షేత్రాలను సేవించి గౌతమీ తీరానికి విచ్చేశారు. అక్కడ రామానందరాయలను తప్పక దర్శించవలసినదిగా పూరీలో సార్వభౌమ భట్టాచార్యులు వారిని ప్రార్థించి ఉన్నారు. ఆ రామానందుని వైష్ణవుడని ఒకప్పుడు పరిహసించినవారు కూడా ఆ మహాపండితులే!

రామానందరాయలు గజపతి ప్రతాపరుద్రుని పక్షాన రాజమహేంద్రవర ప్రాంతాన్ని పాలించిన అధికారి. పల్లకిలో, వాద్యఘోషతో, వైదికులు వెంటరాగా గోదావరీ స్నానానికి వచ్చాడు. తేజోమూర్తియైన యతి ఆ రాజోద్యోగిని ఆలింగనం చేసుకుని కన్నీరు కార్చడం చూసి వైదికులు విస్మితులయ్యారు. నాటి సాయంకాలం రామానందుడు ఒక్క సేవకుని మాత్రమే వెంటబెట్టుకుని మరల వచ్చాడు. అట్లు పది రాత్రులు సంవాదం సాగినదని, సుమారు శతాబ్దం తరువాత బృందావనంలో చైతన్య చరితామృతం రచించిన కృష్ణదాస కవిరాజు చెబుతాడు.

జీవునికి సాధ్యమేది అన్నది మహాప్రభువుల ప్రశ్న. వర్ణాశ్రమ ధర్మం, కర్మఫలార్పణం, జ్ఞానమిశ్ర భక్తి, ఇలా రామానందుడు చెప్పిన ప్రతి సమాధానాన్నీ బాహ్యమని త్రోసిపుచ్చి, ఇంకా ముందుకు చెప్పమన్నారు. జ్ఞానశూన్య భక్తి వద్ద మాత్రం అంగీకారం లభించింది. అక్కడినుండి దాస్య, సఖ్య, వాత్సల్యాలను దాటి సంవాదం కాంతాభావాన్ని చేరుకుంది.

చిక్కు ఇక్కడే ఉన్నది. నిద్ర పట్టకపోవడం, ఇల్లు మరచిపోవడం, ఒక్క రూపమే లోకమంతటా కనబడడం వలపు కలిగిన ప్రతివానిలోనూ కనిపించే లక్షణాలే. గోపికలలోనూ అవే ఉన్నాయి. అట్లయితే భక్తిసోపానంలో అది తుదిమెట్టు ఎట్లయింది? గోపికల ప్రేమ లౌకిక కామం కాదని, బాహ్యచేష్టల సామ్యం చేతనే దానికి ఆ పేరు వచ్చినదని రామానందుని సమాధానం. తన ఇంద్రియాల తృప్తిని కోరేది కామం. ప్రియుని సుఖాన్ని కోరేది ప్రేమ. వలపు ఎంత గాఢమైనా, దాని చూపు తన హృదయంలోని తీయదనం మీదనే నిలిచి ఉండవచ్చు. ఆ ఉన్మాదాన్ని ప్రేమించడం వేరు, మనిషిని ప్రేమించడం వేరు.

మరి గోపికలు అలంకరించుకోలేదా, కృష్ణదర్శనంతో ఆనందించలేదా? కవిరాజు ఈ ఆక్షేపాన్ని దాచలేదు. వారిని చూచి కృష్ణుడు సంతోషిస్తాడు గనుక ఆ దేహం మీద శ్రద్ధ. వారి ఆనందం కూడా ఆయన ఆనందాన్ని పెంచేదే. ఇది మాటల నేర్పు మాత్రమేనా అన్న సంశయం సహజమే. దానికి తగిన దృష్టాంతం రూపగోస్వామి 1541లో ముగించిన భక్తిరసామృతసింధువులో ఉన్నది. కృష్ణునికి వింజామర వీస్తున్న దారుకునికి ప్రేమానందంతో చేయి స్తంభించింది. సేవకు అడ్డు వచ్చినందున ఆ ఆనందాన్ని అతడు మెచ్చలేదు. వలచినవానికి ఆ పరవశత్వమే పరమఫలం. దారుకునికి వింజామర ఆగిపోవడం లోపంగా తోచింది.

సంవాదం చివరికి వచ్చేసరికి రామానందుడు స్వయంగా రచించిన ఒక పాట పాడాడు. ప్రియుడు, ప్రియురాలు అన్న భేదమే మిగలని స్థితి అందులోని విషయం. మహాప్రభువులు ప్రేమతో తమ చేతితో అతని నోరు మూశారు.

అధికారం విడిచి నీలాచలం రమ్మని ఆదేశించి వారు ముందుకు సాగారు. తరువాత ప్రతాపరుద్రుడు వేతనం ఆపకుండానే రామానందునికి పదవి నుండి విముక్తి కలిగించాడు. పూరీలోని గంభీరలో మహాప్రభువులు కృష్ణవిరహంతో రాత్రులు గడిపిన తుది సంవత్సరాలలో స్వరూప దామోదరునితో పాటు రామానందుడు ప్రక్కన కూర్చునేవాడు. ఆ రాత్రి ఆయన మనస్సు ఏ భావంలో ఉన్నదో గ్రహించి, దానికి తగిన శ్లోకం వెదకి వినిపించేవాడు.