టాలడేగాలో కార్లు కుప్పపడేదెందుకు

అమెరికాలో స్టాక్ కార్ పందేలు చూసేవాళ్లకు ‘ద బిగ్ వన్’ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో గుంపుగా పోతున్న కార్లలో ఒకటి అదుపు తప్పితే చాలు, వెనక వస్తున్న పదో పదిహేనో, ఒక్కోసారి పాతికకు పైగా కార్లో ఒకదాని మీద ఒకటి పడి నుజ్జయిపోతాయి. ఎన్ని కార్లు తగులుకుంటే దాన్ని బిగ్ వన్ అనాలో అధికారికమైన కొలమానం లేదు. అందువల్ల అవి ఎంత తరచుగా జరుగుతాయని అడిగితే ఒక్క అంకెలో జవాబు దొరకదు. ఎక్కువగా ఎక్కడ జరుగుతాయని అడిగితే మాత్రం అభిమానులందరూ ముందుగా చెప్పేవి రెండు పేర్లే: ఫ్లోరిడాలోని డేటోనా, అలబామాలోని టాలడేగా. నాస్‌కార్ సంస్థ ఏటా ముప్పైకి పైగా ప్రధాన పందేలు నడుపుతుంది. వాటిలో పాల్గొనేది దాదాపు ఆ డ్రైవర్లే, ఆ జట్లే. దుడుకుతనమో దురదృష్టమో అసలు కారణమైతే ఈ ప్రమాదాలు అన్ని ట్రాకుల మీదా ఇంచుమించు సమంగా కనిపించాలి. అలా కనిపించడం లేదు గనక కారణాన్ని మనుషుల స్వభావంలో వెతికేకంటే నేల వాలులోనూ, ఇంజను మీద పెట్టిన ఆంక్షలోనూ వెతకడం మేలు.

నాస్‌కార్‌ను 1948లో స్థాపించిన బిల్ ఫ్రాన్స్ సీనియర్‌కు వేగమంటే మక్కువ. ఆయన కట్టించిన డేటోనా ట్రాకు 1959లో మొదలైంది, చుట్టుకొలత 2.5 మైళ్లు, మలుపుల్లో వాలు 31 డిగ్రీలు. పదేళ్ల తర్వాత వచ్చిన టాలడేగా ఇంకా పెద్దది: 2.66 మైళ్లు, 33 డిగ్రీలు. అంత వాలు ఉంటే మలుపులో కారు బయటికి జారిపోదు, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాల్సిన పనీ ఉండదు. ఆ వేగానికి టైర్లు తట్టుకోవడం లేదని 1969లో టాలడేగా తొలి పందెం నుంచే రిచర్డ్ పెట్టీ తదితర అగ్రశ్రేణి డ్రైవర్లు తప్పుకున్నారు. వేగం మాత్రం పెరుగుతూనే పోయింది. 1987లో బిల్ ఎలియట్ అక్కడ గంటకు 212.809 మైళ్ల, అంటే 342 కిలోమీటర్ల వేగంతో అర్హత ల్యాప్ పూర్తిచేశాడు. ఆ పందెంలోనే బాబీ ఆలిసన్ కారు గాల్లోకి లేచి, ప్రేక్షకుల ముందున్న రక్షణ కంచెను చీల్చుకుంటూ పోయింది. శకలాలు తగిలి కొందరు ప్రేక్షకులు గాయపడ్డారు. కారు మరికాస్త ఎత్తుకు లేచి ఉంటే ఏమై ఉండేదో ఊహించడానికే భయం వేస్తుంది. 1988 నుంచి ఈ రెండు ట్రాకుల్లోనూ రిస్ట్రిక్టర్ ప్లేటు తప్పనిసరి అయింది.

ఈ ప్లేటు నాలుగు రంధ్రాలున్న పల్చని లోహపు రేకు. కార్బురేటర్ కింద బిగిస్తే ఇంజనుకు అందే గాలి తగ్గుతుంది, దాంతో శక్తీ తగ్గుతుంది. వేగానికి కళ్లెం పడింది, నిజమే. కానీ దాని వెంటే ఇంకో మార్పు వచ్చింది. మలుపులో ఎవరూ కాలు తీయనక్కర్లేదు, తిన్నని దారిలో ఎవరికీ దూసుకుపోయే సత్తువ లేదు. ఇక నేర్పున్నవాడు ముందుకు పోయేదెలా? వెనకబడ్డవాడు వెనకే ఉండిపోయేదెలా? ముందు కారు చీల్చిన గాలిలో చేరితేనే వేగం దక్కుతుంది గనక అందరూ ఒకరి వెనక ఒకరు, రెండు మూడు వరుసల్లో, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా పరుగెడతారు. గంటకు 190 మైళ్లంటే సెకనుకు 85 మీటర్లు. కళ్లెదుట ప్రమాదం చూసి బ్రేకు మీద కాలు వేయడానికి అర సెకను పట్టినా కారు 40 మీటర్లు దాటిపోతుంది. ఆ 40 మీటర్లలో ఎనిమిది కార్లు పట్టేలా గుంపు నడుస్తుంటే, ఎంత గొప్ప డ్రైవరైనా తప్పించుకునేది ముందు వరుసల్లో ఉంటేనో, అదృష్టం కలిసొస్తేనో.

1988కి ముందూ భారీ ప్రమాదాలు జరగలేదా అని అడగవచ్చు. జరిగాయి. 1960లో డేటోనాలో జరిగిన మాడిఫైడ్ స్పోర్ట్స్‌మన్ పందెంలో 68 కార్లు బయల్దేరితే మొదటి ల్యాప్‌లోనే 37 గుద్దుకున్నాయి. 1973లో టాలడేగాలో 60 కార్లు దిగిన పందెంలో ఇరవై దాకా తగులుకున్నాయి. నాస్‌కార్ అగ్రశ్రేణి పందెం గెలిచిన తొలి నల్లజాతి డ్రైవర్ వెండెల్ స్కాట్ తీవ్రంగా గాయపడింది అందులోనే. కానీ ఆ రెండు సందర్భాల్లోనూ ట్రాకు మీద కిక్కిరిసినన్ని కార్లున్నాయి. ప్లేటు వచ్చాక అంతకంటే తక్కువ కార్లతోనే, పందెం ఏ దశలో ఉన్నా ఆ కిక్కిరిసిన స్థితి నిలిచిపోయింది. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. 1997లో టాలడేగాలో మార్క్ మార్టిన్ గెలిచిన 500 మైళ్ల పందెంలో ప్రమాదం జరిగితే వేగం తగ్గించమని చూపే పసుపు జెండా ఒక్కసారి కూడా ఎగరలేదు. 2001, 2002లో కూడా అక్కడ అలాంటి పందేలు జరిగాయి. అంటే ప్రమాదం ప్రతిసారీ జరిగి తీరుతుందని కాదు. ఒక కారు చేసిన చిన్న తప్పు పెద్ద ప్రమాదంగా మారే అవకాశం మాత్రం ప్రతి ల్యాప్‌లోనూ ఉంటుంది. అక్కడి 188 ల్యాపుల్లో ఆ తప్పు ఒక్కసారి దొర్లితే చాలు.

నిజానికి ప్లేటు ఒక్కటే దోషి కాదని తేల్చే పరీక్ష కూడా జరిగింది. 2000 సంవత్సరంలో న్యూ హాంప్‌షైర్ ట్రాకులో ఇద్దరు డ్రైవర్లు చనిపోయాక, సెప్టెంబరు పందెంలో అక్కడా ప్లేటు పెట్టారు. అది వాలు తక్కువగా ఉన్న ఒక మైలు ట్రాకు. జెఫ్ బర్టన్ 300 ల్యాపులూ ముందుండి గెలిచాడు. ఇండియానాపొలిస్ పొడవు సరిగ్గా డేటోనా అంతే, వాలు 9 డిగ్రీలు. అక్కడ మలుపుకు ముందు వేగం తగ్గించక తప్పదు గనక కార్లు దారి పొడవునా విడిపోతాయి. వాలూ ఆంక్షా జతకూడిన చోటే గుంపు పుడుతుంది.

అలాగైతే ప్లేటు తీసేస్తే సరిపోతుంది కదా అనేవాళ్లు 2004లో రస్టీ వాలస్ టాలడేగాలో ఒంటరిగా చేసిన పరీక్షను గుర్తు తెచ్చుకోవాలి. ప్లేటు లేకుండా అతని కారు గంటకు 228 మైళ్లను అందుకుంది. ఆ వేగంలో కారు లేచి కంచె మీద పడితే 1987 నాటి అదృష్టం మళ్లీ దక్కుతుందని ఎవరు హామీ ఇస్తారు? ప్రేక్షకులను కాపాడాలన్న ఎంపిక సరైనదే. దాని మూల్యం డ్రైవర్లు చెల్లిస్తున్నారని చెప్పకపోవడమే తప్పు. వేగాన్ని తగ్గించాల్సింది ఇంజనులో కాదు, మలుపులో అని నా అభిప్రాయం. వాలును కోయడం ఖర్చుతో కూడిన పనే అయినా అసాధ్యం కాదు. భద్రతకు ఏమీ చేయలేదని కాదు: 2001 డేటోనా 500 పందెంలో డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ మరణించాక తలకు, మెడకు రక్షణ కట్లు, మెత్తని గోడలు వచ్చాయి. ఆ తర్వాత అగ్రశ్రేణి పందెంలో ఏ డ్రైవరూ ప్రాణం పోగొట్టుకోలేదు. ఈ ఘనతను తక్కువ చేయలేం. అయితే ఆ ఏర్పాట్లు గుద్దుకున్నాక మనిషిని బతికిస్తాయే గాని గుద్దుకోవడాన్ని ఆపవు. 2010, 2011లో టాలడేగా వసంతకాలపు పందేల్లో ఒక్కోదానిలో నాయకత్వం 88 సార్లు చేతులు మారిందని అభిమానులు మురిసిపోతారు. ఆ మురిపానికీ, ఆ కుప్పకూ మూలం ఒకే గుంపు.

2019లో రిస్ట్రిక్టర్ ప్లేటుకు నాస్‌కార్ స్వస్తి చెప్పింది. దాని బదులు గాలిని మరో తీరులో తగ్గించే టేపర్డ్ స్పేసర్ వచ్చింది. డేటోనా, టాలడేగా మలుపుల వాలు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. 2024 అక్టోబరులో టాలడేగాలో పందెం మరికొన్ని ల్యాపుల్లో ముగుస్తుందనగా, వెనక నుంచి నెట్టుడుకు అందరికంటే ముందున్న కారు అడ్డం తిరిగింది. ఆ ప్రమాదంలో 28 కార్లు చిక్కుకున్నాయి.