కైరో గెనీజా: చెదరిన పత్రములు, చేరిన చరిత్రము

శిలాశాసనములవలనను దామ్రశాసనములవలనను రాజుల చరిత్రము తెలియుచున్నది. సామాన్యజనుల జీవితము తెలియుట మిక్కిలి దుర్లభము. వారి జాబులును, లెక్కలును, ఋణపత్రములును బని తీఱినపిదప నశించుట లోకసహజము. యూదుల చరిత్రమున దీని కొక యపవాదము గలదు. అది కైరో గెనీజా యనఁబడు పత్రరాశి.

దేవనామము గల పత్రమును నశింపఁజేయుట యూదుల మతాచారమునకు విరుద్ధము. జీర్ణించిన గ్రంథములను వా రొకచోట దాఁచి, పిదప భూమిలోఁ బూడ్చుదురు. అట్లు దాఁచు తావునకే గెనీజా యని పేరు. ప్రాఁతకైరో యగు ఫుస్తాతునందలి బెన్ ఎజ్రా ప్రార్థనామందిరమున నీ యాచారము మఱింత విస్తరించెను. మతగ్రంథములేకాక, వివాహపత్రములు, వ్యాపారలేఖలు, బాలుర యక్షరాభ్యాసపుటాకులు మొదలుగా హీబ్రూలిపిలో నున్నవానినెల్ల నచ్చటి గదిలోఁ బడవేయుచువచ్చిరి. ఈజిప్టుదేశమున వర్షము మిక్కిలి తక్కువ యగుటచే నవి చెడక నిలిచినవి. వీనిలోఁ బెక్కు 10 మొదలు 13 వఱకుఁ గల శతాబ్దములనాటివి.

1896 లో ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ అను సోదరీమణులు తెచ్చిన యొక పత్రమును గేంబ్రిడ్జి పండితుఁడైన సాలమన్ షెఖ్టరు పరీక్షించి, యది బెన్ సిరా గ్రంథపు హీబ్రూపాఠమని గుర్తించెను. అంతవఱకు నా గ్రంథము ప్రధానముగా గ్రీకు మొదలగు ననువాదములవలననే తెలిసియుండెను. ఆ యేఁటి చివర నాతఁడు కైరోకుఁ బోయి, మందిరాధికారుల యనుమతితో, 1897 లోఁ బత్రరాశిలో నధికభాగమును గేంబ్రిడ్జికిఁ జేర్చెను. నేఁడచ్చట సుమారు 1,90,000 ఖండములు గలవు. తక్కినవి ఆక్సుఫర్డు, లండను, మాంచెస్టరు, న్యూయార్కు, సెయింట్ పీటర్సుబర్గు, బుడాపెస్టు మొదలగు నగరములఁ జెదరిపోయినవి.

ఈ చెదరుటయే పరిశోధకులకు మహావిఘ్నమయ్యెను. ఒకే లేఖయొక్క పైభాగ మొక దేశమందును, గ్రిందిభాగము వేఱొక దేశమందును నుండుట గలదు. ఎస్. డి. గోయిటీన్ (1900-1985) అను మహాపండితుఁడు జీవితార్ధము వెచ్చించి యా లేఖలను జదివి, మధ్యధరాసముద్రతీరపు సంఘజీవనమును వర్ణించు గ్రంథమును 5 సంపుటములుగా రచించెను. అవి 1967 మొదలు 1988 వఱకు వెలువడినవి. అట్టి శ్రమ యెల్లరకు సాధ్యము గాదు.

నేఁ డంతర్జాలమువలన నీ విఘ్నము చాలవఱకుఁ దొలఁగినది. కేంబ్రిడ్జివారు తమ పత్రముల ఛాయాచిత్రములను దమ డిజిటల్ గ్రంథాలయమునఁ బ్రకటించియున్నారు. 1999 లో నారంభమైన ఫ్రీడ్‌బర్గు గెనీజా ప్రణాళిక, పలు గ్రంథాలయముల పత్రచిత్రముల నొకచోఁ జేర్చి, వ్రాతలను గంప్యూటరుచేఁ బోల్చి, విడిపోయిన యాకులను జతపఱచుటకుఁ బూనెను. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున 1986 లో స్థాపింపఁబడిన గెనీజా పరిశోధనాలయమువారు జాబుల పాఠములను, వివరణములను వెదకుటకు వీలగునట్లు కూర్చిరి. ఇజ్రాయేలు జాతీయగ్రంథాలయమువారి క్తీవ్ 2017 నుండి లోకమందలి హీబ్రూ వ్రాతప్రతుల నొకచోటఁ జూపుచున్నది. బైబిలు, తల్మూదు మొదలగు మతగ్రంథములకు సెఫారియా యుపకరించును. 1901-1906 నడుమ వెలువడిన జ్యూయిష్ ఎన్‌సైక్లోపీడియా సంపుటములు 12 ను లభించును. కాని తరువాతి శతాబ్దపు పరిశోధనము వానిలో నుండదు.

ఐనను జిత్రము లభించుట వేఱు, ప్రమాణము లభించుట వేఱు. బెన్ సిరా పత్రమే యిందులకు సాక్షి. అది మూలము గాదనియు, భాషాంతరములనుండి మరల హీబ్రూ చేయఁబడిన దనియుఁ గొందఱు వాదించిరి. 1964 లో మసాదా దుర్గమునఁ బ్రాచీనమైన బెన్ సిరా ప్రతి యొకటి బయల్పడినపిదపఁ గైరోపాఠము ప్రధానముగా మూలానుసారి యని స్థిరపడెను. ఒక పత్రమునకుఁ బ్రామాణ్యము మఱియొక పత్రమువలనఁ గలిగినది.

భాషావిషయమునను జాగరూకత వలయును. ఈ జాబులలోఁ బెక్కింటికి లిపి హీబ్రూ, భాష అరబ్బీ. తెలుఁగులిపిలో సంస్కృతము వ్రాయువారి కిది వింతగాఁ దోఁపదు. లిపినిజూచి హీబ్రూనిఘంటువును దెఱచువాఁడు దారి తప్పును.

భారతదేశమునకు సంబంధించిన యుదాహరణ మొకటి చాలును. అబ్రహాము బెన్ యీజూ అను వర్తకుఁడు ట్యునీసియాలోని మహ్దియానుండి వచ్చి మంగళూరున నివసించి, మిరియములను, గంచుపాత్రలను ఏడెనునకుఁ బంపుచుండెను. ఆతఁడు మంగళూరున 1132 లో ఆషూ అను దాసికి విముక్తి నిచ్చిన పత్రము సెయింట్ పీటర్సుబర్గున నున్నది. 1148 లో ఏడెనునుండి ఖలఫ్ అను వర్తకుఁ డాతనికి వ్రాసిన జాబు యెరూషలేమున నున్నది. 1149 లో నాతఁడు ఏడెనునకు మరలి సోదరులకు వ్రాసిన లేఖ కేంబ్రిడ్జిలో నున్నది. జాబులలో మంగళూరు "మంజరూరు" అను రూపమున నుండును గాన, నేఁటి పేరుతో మూలపాఠములను వెదకువాని కది చిక్కదు.

కావున విద్యార్థి యనువాదముతోఁ దృప్తిపడక పాఠమును, బాఠముతోఁ దృప్తిపడక చిత్రమును జూడవలయును. పత్రపు గ్రంథాలయసంఖ్యను దప్పక వ్రాసికొనవలయును. ఆ సంఖ్య లేనియెడల నొరు లా యాధారమును బరీక్షింపఁజాలరు. పరీక్షకు నిలువని యాధారము చరిత్రమున నాధారము గాదు. మూఁడు నగరములఁ జెదరిన యాకులను జేర్చి చదివినప్పుడే, రాజశాసనములలోఁ బేరెక్కని యా వర్తకునికిని, ఆ దాసికిని మంగళూరు చరిత్రమునఁ జోటు దొరకినది.