లమ్తపుట్ అడవిలో ఏ తూటా?

లమ్తపుట్, మచ్‌ఖండ్, జోలాపుట్ వైపు స్థిరపడ్డ మన తెలుగువాళ్ల ఇళ్లల్లో వేట కథలకు లోటు లేదు. ప్రతి ఇంట్లో ఒక తాతగారు, ఒక తుపాకీ. కథలో కణుజు పడిపోతుంది, కూర వండుతారు, అంతే. ఏ తూటాతో కొట్టారు, ఆ తూటాయే ఎందుకు అన్నది ఎవరూ చెప్పరు. నాకు మాత్రం అసలు చరిత్ర అక్కడే కనబడింది.

ముందు చోటు సంగతి. ఈ కొండల మీద బయలు కన్నా తుప్ప ఎక్కువ. జంతువు కనబడేదే 30, 50 గజాల్లో, అదీ రెండు క్షణాలు. అంత దగ్గర కదా, ఏ తూటా అయినా సరిపోతుంది అనుకుంటాం. సరిపోదు. గొట్టం దాటిన కొత్తలోనే గుండు వేగం ఎక్కువ. తేలిక గుండు, పల్చటి తొడుగు అయితే ఆ వేగానికి భుజం ఎముక మీదే చితికిపోతుంది, గుండెకాయ దాకా వెళ్లదు. సైనికుల తూటాలా గట్టి తొడుగు కొన దాకా ఉంటే సూదిలా ఇటునుంచి అటు దూరిపోతుంది. జంతువు నెత్తురు చుక్కలు రాలుస్తూ పరిగెత్తి ఏ పొదలోనో చస్తుంది, ఎవరికీ దక్కదు. కావలసింది బరువైన గుండు, మోస్తరు వేగం, కొన దగ్గర సీసం బయటికి ఉండాలి. తగలగానే కొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, బరువుండబట్టి లోపలికీ పోతుంది. బరువు గుండు కొమ్మకు తగిలినా దారి తప్పదని మన పెద్దలు అంటారు గానీ అది నిజం కాదు. కొమ్మకు తగిలితే ఏ గుండైనా పక్కకు పోతుంది. నేను టెస్టింగ్ చేసేవాణ్ణి, ల్యాబులో పాసైనది బయట ఫెయిలవడం రోజూ చూస్తాను.

నా బడి చదువు కన్నడంలో. కెన్నెత్ ఆండర్సన్ కథలు పూర్ణచంద్ర తేజస్వి కన్నడంలో చదివాను. ఆండర్సన్ చేతిలో ఉన్నది 405 వించెస్టర్. గుండు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైమాటే. అదీ ఈ జాతిదే, దగ్గర దెబ్బకు పనికొచ్చే బరువు గుండు.

ఈ మెత్తకొన తూటాకు పేరు తెచ్చింది కలకత్తా పక్కనున్న డమ్‌డమ్ ఆయుధాగారం. 1890ల చివర్లో అక్కడ త్రీ నాట్ త్రీ తూటాకు కొన మీద తొడుగు తీసేసి చేశారు. మనిషి ఒంట్లో అది చేసే గాయం చూసి, 1899లో హేగ్ సమావేశం యుద్ధంలో అలాంటివి వాడకూడదంది. యుద్ధంలో క్రూరం అన్నదే వేటలో దయ అయింది, తొందరగా చంపుతుంది కనక.

ఏది కొనాలో అడవి ఒక్కటే చెప్పలేదు, సర్కారు కూడా చెప్పింది. 1936 ఏప్రిల్ 1 దాకా ఈ జయపురం సంస్థానమంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా. తుపాకీ ఉండాలంటే 1878 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. పాత మార్టినీ-హెన్రీలున్న తిరుగుబాటుదారుల చేతికి ఆ తూటాలు చేరతాయని 1907లో 450 బోరు దిగుమతి ఆపేశారు. త్రీ నాట్ త్రీ సైన్యానిది, మామూలు జనానికి ఇవ్వరు, ఇప్పటికీ నిషిద్ధ బోరే. అందుకే షికారీలకు 315 వచ్చింది. గుండు 244 గ్రెయిన్లు, దాదాపు 16 గ్రాములు, మెత్తకొన. సైన్యం తూటా జనానికి అందకూడదని చేసిన ఏర్పాటు మన తుప్పల్లో కణుజుకు సరిగ్గా సరిపోయింది!

అయితే ఎక్కువ ఇళ్లల్లో ఉన్నది రైఫిలే కాదు, 12 బోరు. దాన్లో ఎల్‌జీ తూటా వేస్తే కొన్ని పెద్ద సీసపు గుండ్లు ఒకేసారి పోతాయి. కొండగొర్రె 20 కిలోలు తూగితే గొప్ప, దానికి చాలు. మగ కణుజు 200 కిలోలు దాటుతుంది. దాని మీద 40 గజాల నుంచి ఎల్‌జీ కాల్చడం అంటే దెబ్బ తగిలించి వదిలేయడమే.

గదబ, పరజ వాళ్లకు ఈ ఎంపికే లేదు. విల్లు, లేకపోతే మందు కూరే నాటు తుపాకీ, సీసం లేకపోతే ఇనప ముక్కలు. చైత్ పరబ్‌కు ఊరంతా 'బెంట'కు బయలుదేరేది (కన్నడంలో 'బేటె', మన 'వేట'), ఉత్తచేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లేవారు. ఈ వేటల వల్లే అడవి ఖాళీ అయిందని మన పెద్దలంటారు. నేను ఒప్పుకోను. 1955లో మచ్‌ఖండ్ విద్యుత్తు మొదలయ్యే నాటికి ప్రాజెక్టు రోడ్లు పడ్డాయి. రాత్రి జీపెక్కి లైటు వేసి కొట్టిన కథలు మన ఇళ్లల్లోనే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. 1972 చట్టం వేటను బాగా బిగించింది, 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది.

మన గ్రూపులో తిరుగుతున్న ఫోటోలో తాతయ్య చేతిలో ఉన్నది 12 బోరే. పక్కన మగ కణుజు. అది ఆ రోజు పడలేదని నాయనమ్మ చెప్పేది. ఎల్‌జీ దెబ్బ తిని పారిపోతే, లమ్తపుట్ దగ్గరి గదబ మనిషి ఒకాయన రెండు రోజులు నెత్తురు జాడ పట్టి వెతికి తెచ్చాడట. ఫోటోలో ఆయన లేడు. పెద్దత్తా, ఆయన పేరు నీకు గుర్తుంటే పంపు, ఫోటో కింద తాతయ్య పేరు పక్కన రాస్తాను.