కనబడే అక్షరం, చదవలేని అక్షరం

పోయిన నెల ఒక వ్యాసం రాస్తూ, పాతికేళ్ళ క్రితం అచ్చయిన కథాసంపుటి ఒకటి మళ్ళీ చూడాల్సి వచ్చింది. పుస్తకం బజారులో లేదు. ప్రచురణకర్తని అడిగితే పాపం వెంటనే పీడీఎఫ్ పంపించారు. తెర మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కావలసిన పేరాని కాపీ చేసి నా వ్యాసంలో అతికిస్తే మాత్రం పడ్డది తెలుగు కాదు. నెత్తిన టోపీలు పెట్టుకున్న ఫ్రెంచి అచ్చులు, పౌండు గుర్తులు, సగం సగం కొటేషన్లు. సరే వెతుకుదామని 'అమ్మ' అని కొట్టాను. ఈ పుస్తకంలో ఆ మాట లేదు పొమ్మంది కంప్యూటరు. కథ మొదటి వాక్యంలోనే అమ్మ ఉంది.

ఫైలు పాడైపోయిందనుకుంటే పొరపాటు. ఆ ఫైలులో తెలుగు ఎప్పుడూ లేదు. ఎందుకు లేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1990లలో మామూలు కంప్యూటరు ఫాంటుకి 256 గదులు ఉండేవి. అందులో కొన్ని వాడుకోవడానికి వీల్లేనివి. ఇంగ్లీషుకి అవి చాలా ఎక్కువ. మన హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ కలిపి లెక్కేస్తే అసలు చాలవు. అందుకని ఫాంటు చేసేవాళ్ళు అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, కొమ్ము ఇంకో గదిలో. కొన్ని ఫాంట్లలో 'మ', 'య' లాంటివి కూడా ఒక్క అక్షరాలు కావు, రెండు మూడు ముక్కల అతుకులు. టైపు చేసేటప్పుడు సాఫ్ట్‌వేరు ఆ ముక్కల్ని పక్కపక్కన పేర్చేది. కంటికి 'అమ్మ' కనిపించేది. ఫైలులో ఉన్నవి మాత్రం ఫలానా గది, ఫలానా గది అనే అంకెలే. ఏ గదిలో ఏ ముక్క పెట్టాలన్నది ఎవరిష్టం వారిది. ఒక ఫాంటులో రాసింది ఇంకో ఫాంటులోకి మారిస్తే గందరగోళమే. కొన్ని సాఫ్ట్‌వేర్లయితే కంప్యూటరు వెనకాల డాంగిల్ తగిలిస్తేనే తెరుచుకునేవి. మనం రాసుకున్న ఉత్తరం మనం చదువుకోవడానికి ఒకరి తాళంచెవి కావాలన్నమాట.

అచ్చు వేసుకునేవాళ్ళకి ఇదేమీ ఇబ్బంది అనిపించలేదు. కాగితం మీద సిరా పడ్డాక ఫైలుతో పనేముంది? పేజ్‌మేకర్, అనూ ఫాంట్లు కలిసి తెలుగు ప్రచురణని మోశాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్, ఏడవది, 2001లో వచ్చింది. దానికి యూనికోడ్ తెలియదు. అయినా దాన్ని వదలని డీటీపీ సెంటర్లు ఇంకా ఉన్నాయి.

వెబ్ వచ్చాక కథ ఇంకా చిక్కుబడింది. పాఠకుడి దగ్గర ఫాంటు లేకపోతే పేజీ కనబడదు. దీనికి మందుగా 1997 ప్రాంతంలో డైనమిక్ ఫాంట్లు వచ్చాయి, పేజీతో పాటు ఫాంటూ దిగుతుంది. కానీ నెట్‌స్కేప్‌ది ఒక పద్ధతి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ది ఇంకో పద్ధతి. ఎక్స్‌ప్లోరర్ ఫాంటుని ఫలానా సైటు చిరునామాకే పనిచేసేలా కట్టిపడేయొచ్చు కూడా. నెట్‌స్కేప్ పోయింది, దాని పద్ధతీ పోయింది. 2004 చివర్లో ఫైర్‌ఫాక్స్ వచ్చేసరికి చాలా తెలుగు పేపర్ల సైట్లు ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప కనబడని స్థితి. తెలుగు వికీపీడియాకి 2003లో శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జునగారే 'పద్మ' అని ఒక పొడిగింపు రాశారు. అది ఒక్కో పేపరు ఫాంటులోని గదుల గుట్టు విప్పి, పేజీని అక్కడికక్కడే యూనికోడ్ తెలుగులోకి మార్చేది. పేపరు చదువుకోవడానికి ఒక మనిషి కూర్చుని అన్ని ఫాంట్ల లెక్కలూ విప్పాల్సి వచ్చిందంటే ఆశ్చర్యంగా ఉంటుంది ఇప్పుడు.

యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. అందులో ముక్కలుండవు, అక్షరాలే ఉంటాయి. 'క్రి' అంటే క, పొల్లు, ర, గుడి అని వరసగా దాచుకుంటుంది. దాన్ని ఎలా చూపించాలన్నది తెర గీసే ప్రోగ్రాము బాధ్యత. ఆ ప్రోగ్రాములు రావడానికే మరో పదేళ్ళు పట్టింది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చింది కానీ, తెలుగు సరిగా కనబడాలంటే ఎక్కడో సెట్టింగుల్లో ఒక గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వెతికి తెచ్చి డ్రైవులో పెట్టాలి. అద్దె కంప్యూటరు వాడే కుర్రాడికి సీడీ ఎవరిస్తారు? తర్వాత ఫోన్లొచ్చాయి. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగంటే వరసగా డబ్బాలు. ఆపెరా మినీలో ఒక రహస్య సెట్టింగు మారిస్తే తెలుగు పేజీని బొమ్మగా చేసి పంపించేది. మళ్ళీ బొమ్మే.

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకి 'జ్ఞా' అక్షరం పంపితే యాప్‌లు కూలిపోతున్నాయని ప్రపంచమంతా గోల. నిజానికి మనం మామూలుగా రాసే 'జ్ఞానం' ఏమీ చేయలేదు. ఒత్తుకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు దూరితేనే ఆ తంటా. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. అందరూ నవ్వుకున్నారు, నేనూ నవ్వాను. కానీ ఇంత పెద్ద కంపెనీ మన అక్షరాల అమరికని ఎంతవరకూ పరీక్షించి చూసిందో ఆ వారం తెలిసిపోయింది.

ఇందులో నాకు ఎప్పుడూ వింతగా తోచే సంగతి ఒకటుంది. 1990ల మొదట్లో అమెరికాలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు రైస్ విశ్వవిద్యాలయంలో ఒక లిప్యంతరీకరణ పద్ధతి తయారు చేశారు. అదే ఆర్‌టీఎస్. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో, పెద్దక్షరాలు చిన్నక్షరాలు కలిపి రాయడం. చూడ్డానికి కళ్ళు నొప్పి పుట్టేది. ఇది తెలుగా, అని వెక్కిరించినవాళ్ళున్నారు. కానీ అందులో ఏ మాట ఏదో పోలిక పోలేదు. ఆ రోజుల్లో అలా రాసిన పద్యాలూ కథలూ ఇవాళ ఒక్క నొక్కుతో తెలుగు లిపిలోకి వస్తాయి. 2006లో వీవెన్ గారు చేసిన 'లేఖిని' పనిచేసేదీ ఆ పద్ధతిమీదే. అందంగా అచ్చయినవి మాత్రం చదవడానికి తప్ప మరి దేనికీ పనికిరాకుండా ఉండిపోయాయి.

అందువల్ల నష్టం నాలాంటి వ్యాసకర్తకి పావుగంట మాత్రమే. చూపు లేని పాఠకుడికి పుస్తకం మొత్తం. అతని కంప్యూటరు తెర మీది అక్షరాన్ని చూడదు, ఫైలులో ఉన్నదాన్నే పైకి చదువుతుంది. ఆ కథాసంపుటిని అతనికి ఏ భాషలో చదివి వినిపిస్తుందో ఊహించుకోండి. నిఘంటువు తయారుచేసేవాళ్ళకి, ఒక మాట ఎప్పటినుంచి వాడుకలో ఉందో వెతికేవాళ్ళకి, ఆ ఇరవై పాతికేళ్ళ తెలుగు కనబడుతూనే అందదు. మార్చే పరికరాలు లేకపోలేదు, ఉన్నాయి. కానీ మార్చాక కూడా ఎవరో ఒకరు కూర్చుని వత్తులూ పొల్లులూ దిద్దుకోవాలి. ఆ ఓపిక ఉన్న రచయితలు కొందరు ఇప్పుడు లేరు. వాళ్ళ ఫైళ్ళున్న ఫ్లాపీలూ లేవు.

ప్రచురణకర్తలని నేను అడిగేది చిన్న పనే. అచ్చుకి పీడీఎఫ్ పంపేటప్పుడు, యూనికోడ్‌లో ఉత్త పాఠం ఒకటి కూడా దాచండి. అందంగా లేకపోయినా పర్వాలేదు.

నాకు కావలసిన పేరా చివరికి తెర మీద చూస్తూ మళ్ళీ టైపు చేసుకున్నాను. మొదటి మాట 'అమ్మ'.